పశువు పక్కనే మొదలయ్యే రక్త పరీక్ష

ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్లకు అటూ ఇటూగా మాత్రమే వర్షం పడే అనంతపురం, శ్రీ సత్యసాయి జిల్లాల్లో వేరుశనగ చేతికి రాని సంవత్సరం రైతు కుటుంబాన్ని నిలబెట్టేది జీవాల మంద. పెనుకొండ, రొద్దం, సోమందేపల్లి, గోరంట్ల ప్రాంతాల పల్లెల్లో మందలతోపాటు కొట్టంలో ఒకటి రెండు సంకరజాతి పాడి ఆవులుండటం నేడు సర్వసాధారణం. అయితే పశువు మేత మాని, జ్వరంతో ఒక మూలన నిలబడినప్పుడు చికిత్స చాలాచోట్ల ఇప్పటికీ అంచనా మీదనే సాగుతున్నది. జ్వరానికి ఒక సూది, నెత్తురు పట్టడానికి ఒక సూది, ఏదైనా పరాన్నజీవి ఉన్నదేమోనని మరొకటి. మూడింటిలో ఒకటి తగిలితే పశువు బతుకుతుంది; తగలకపోతే మందుల ఖర్చు, పశువు రెండూ పోతాయి.

రక్త పరీక్ష అనగానే పట్టణంలోని ప్రయోగశాల, అందులోని యంత్రం గుర్తుకు వస్తాయి. పెనుకొండకు అనంతపురం సుమారు 70 కిలోమీటర్లు. వేసవిలో 40 డిగ్రీల ఎండలో, బస్సు కుదుపుల మధ్య అక్కడికి చేరిన నమూనాలో కణాలు పగిలి ప్లాస్మా ఎర్రబారి ఉంటే ఎంత మంచి యంత్రమైనా చేయగలిగినది లేదు. కాని రక్తం చెప్పవలసిన ముఖ్య విషయాలను చాలా వరకు పశువు పక్కనే, మొదటి అరగంటలోనే తెలుసుకోవచ్చును. అందుకు కావలసినవి శుభ్రమైన గాజు నాళిక, నాలుగు స్లైడులు, గడియారం, ఓపిక.

కనురెప్ప లోపలి రంగు

గొర్రె కింది కనురెప్పను తిప్పి చూడటం మన కాపరులకు కొత్త విద్య కాదు. లోపలి పొర ఎర్రగా ఉంటే జీవం బాగున్నట్లు, తెల్లబడితే నెత్తురు తగ్గినట్లు వారు తరతరాలుగా గుర్తిస్తున్నారు. దక్షిణాఫ్రికా పశువైద్యులు ఈ పరిశీలననే ఐదు రంగుల పట్టికగా కూర్చి, ఒక్కొక్క రంగును రక్తంలోని కణాల శాతంతో సరిపోల్చి, 'ఫమాచా' అనే పద్ధతిగా రూపొందించారు. ఫాఫా మలన్ అనే పశువైద్యుని పేరు మీదుగా ఆ పట్టికకు ఆ పేరు వచ్చింది.

ఈ పద్ధతి ప్రధానంగా హీమాంకస్ అనే నట్ట కోసం ఏర్పడినది. వానలు పడి పచ్చిక మొలిచిన తరువాత మేతతోపాటు దీని లార్వాలు గొర్రె కడుపులోకి చేరి, నాలుగవ కడుపు గోడకు అంటుకొని రక్తం పీలుస్తాయి. ఒక్కొక్క నట్ట రోజుకు సుమారు 0.05 మిల్లీలీటరు రక్తాన్ని హరిస్తుంది. వినడానికి స్వల్పమే. అయితే వెయ్యి నట్టలున్న గొర్రె రోజుకు 50 మిల్లీలీటర్లు కోల్పోతుంది. 25 కిలోల గొర్రె దేహంలో ఉండే మొత్తం రక్తం ఒకటిన్నర లీటరుకు కొంచెం పైన మాత్రమే. ఎముక మజ్జ ఎంత వేగంగా కొత్త కణాలను తయారు చేసినా కొద్ది వారాల్లోనే లెక్క తప్పుతుంది. రక్తంతోపాటు మాంసకృత్తులు కూడా పోవడం వలన దవడ కింద నీరు సంచిలాగా దిగుతుంది.

ఆడ నట్ట రోజుకు ఐదు వేల నుండి పది వేల గుడ్లు పెడుతుంది. కనుక మందంతటికీ నెలనెలా ఒకే మందు తాగించే అలవాటు బలపడింది. ఈ అలవాటును సమర్థించడం కష్టం. మందుకు లొంగని నట్టలు మాత్రమే మిగిలి, వాటి సంతతే పచ్చిక మీద నిండుతుంది. కనురెప్ప పాలిపోయిన జీవాలను వేరు చేసి వాటికే మందు ఇచ్చినట్లయితే మందు ఖర్చు తగ్గుతుంది, మందు పనిచేసే కాలమూ పెరుగుతుంది.

రెప్ప రంగు మీద అనుమానం కలిగినప్పుడు సన్నని గాజు కేశనాళికలో రక్తం నింపి, చిన్న అపకేంద్ర యంత్రంలో తిప్పి కణాల శాతాన్ని కొలవాలి. ఆరోగ్యంగా ఉన్న గొర్రెలో ఇది 27 నుండి 45, మేకలో 22 నుండి 38, ఆవులో 24 నుండి 46 వరకు ఉంటుంది. మేక కణాలు మిక్కిలి చిన్నవి కావడం వలన అవి పూర్తిగా అడుగుకు చేరడానికి ఎక్కువ సేపు తిప్పవలసి ఉంటుంది. అదే నాళికలో పైన తేలిన ప్లాస్మా రంగును చూడటం మరువరాదు. పచ్చిమేత తినే ఆవులో కెరోటిన్ వలన ప్లాస్మా సహజంగానే పసుపుగా ఉంటుంది. గొర్రె, మేకలలో అట్లు ఉండదు; వాటి ప్లాస్మా పసుపుగా కనిపిస్తే కామెర్లుగానే అనుమానించాలి.

ఎర్ర మూత్రం, నాలుగు కారణాలు

సంకరజాతి ఆవుల విషయంలో సమస్య వేరు. నాటు పశువులు తట్టుకోగల పిడుదుల జ్వరాలకు ఇవి త్వరగా లొంగిపోతాయి. థైలీరియా సోకిన ఆవులో తీవ్రమైన జ్వరంతోపాటు భుజం ముందరి శోషరస గ్రంథి ఉబ్బుతుంది. బబీసియా కణాలను రక్తనాళాలలోనే పగులగొట్టడం వలన మూత్రం కాఫీ రంగులోకి మారుతుంది. అనాప్లాస్మా సోకిన కణాలను ప్లీహమే తొలగిస్తుంది కనుక మూత్రం ఎర్రబారదు, కామెర్లు కనిపిస్తాయి. మూడింటికీ పిడుదులే కారణం, మూడింటిలోనూ పశువు పాలిపోతుంది, అయినా మందులు మాత్రం వేరు. థైలీరియాకు బుపార్వాక్వోన్, బబీసియాకు డైమినజీన్, అనాప్లాస్మాకు ఆక్సీటెట్రాసైక్లిన్ వాడుతారు. ఈ చివరి మందు చెందిన టెట్రాసైక్లిన్ కుటుంబంలో మొట్టమొదటిది 1948లో లెడర్లీ సంస్థ నుండి వెలువడినప్పుడు అక్కడి పరిశోధనలకు నాయకత్వం వహించినది మన యల్లాప్రగడ సుబ్బారావే.

ఏ మందు ఇవ్వాలో చెప్పగలిగినది చెవి అంచు నుండి తీసిన ఒక్క చుక్క రక్తం. మెడ సిర రక్తం కంటె చెవి కొసలోని సన్నని నాళాల రక్తంలో బబీసియా తేలికగా దొరుకుతుంది. చుక్కను స్లైడుపై పలుచగా పరచి, వెంటనే గాలికి ఆరనిచ్చి, మిథనాల్‌లో కొద్ది నిమిషాలు ఉంచితే ఆ పూత ఎండకూ, ప్రయాణానికీ చెడిపోదు. నాళికలోని రక్తానికి లేని సుగుణం ఇది. జీమ్సా లేదా లీష్మన్ రంగు తరువాత తీరికగా వేయవచ్చును. బబీసియా ఎర్రకణంలో జంట బేరిపండ్ల వలె, అనాప్లాస్మా కణపు అంచున నల్లని చుక్క వలె అగుపిస్తాయి.

స్లైడు మీద పరాన్నజీవి కనిపించినంత మాత్రాన అదే వ్యాధికి కారణమని తీర్మానించరాదు. ఒకసారి థైలీరియా నుండి కోలుకున్న ఆవు ఎర్రకణాలలో ఆ పరాన్నజీవులు కొద్ది సంఖ్యలో చాలా కాలం నిలిచి ఉంటాయి. జ్వరం, గ్రంథి వాపు, పాలిపోవడం కూడా ఉన్నప్పుడే ఆ పూతకు అర్థం. గ్రంథి నుండి తీసిన ద్రవంలో లింఫోసైట్‌ల లోపల థైలీరియా కనిపిస్తే అది మరింత బలమైన సాక్ష్యం.

ఏమీ కనిపించకపోవడం కూడా ఒక సమాధానమే. ఈని రెండు మూడు వారాలైన అధిక పాల పశువులో జ్వరం లేకుండా మూత్రం ఎర్రబారి, పూతలో పరాన్నజీవి లేకపోతే భాస్వరం లోపాన్ని అనుమానించాలి. భాస్వరం తగ్గినప్పుడు ఎర్రకణానికి శక్తి చాలక దాని పొర పగులుతుంది. అటువంటి పశువుకు పరాన్నజీవుల మందు ఎన్ని సూదులు వేసినా ఫలితం ఉండదు.

జోరీగల ద్వారా వ్యాపించే సర్రా వ్యాధి నిర్ధారణ మరీ తొందరపనిని కోరుతుంది. 1880లో నాటి పంజాబులోని డేరా ఇస్మాయిల్ ఖాన్ వద్ద గ్రిఫిత్ ఎవాన్స్ గుర్రాలు, ఒంటెల రక్తంలో ఈ జీవిని కదులుతుండగా చూశాడు. నేటికీ తాజా రక్తపు చుక్కపై గాజు పలక కప్పి, కొద్ది నిమిషాల్లోనే సూక్ష్మదర్శిని కింద చూస్తే అది కణాలను నెట్టుకుంటూ కదలడం అగుపిస్తుంది.

ఎర్ర మూత్రానికి నాలుగవ కారణం కూడా ఉంది. అది పాము కాటు.

ఇరవై నిమిషాల గాజు నాళిక

పెనుకొండ చుట్టుపక్కల రాతి గుట్టలలోనూ, వేరుశనగ చేలలోనూ పింజర జాతి పాముల భయం ఎక్కువ. రక్తపింజర విషం రక్తం గడ్డకట్టే ప్రక్రియలోని పదవ, ఐదవ కారకాలను అదుపు లేకుండా ప్రేరేపిస్తుంది. రక్తనాళాలలోనే గడ్డకట్టడం మొదలై, ఫైబ్రినోజన్ అంతా ఖర్చయిపోతుంది. తరువాత ఎక్కడ గాయమైనా గడ్డకట్టడానికి రక్తంలో ఏమీ మిగలదు. మూతి లేదా కాలు వాచి, సూది గుచ్చిన చోట నెత్తురు ఆగకుండా కారుతుంటే ఈ స్థితిని గుర్తించాలి.

దీనిని నిర్ధారించడానికి యంత్రం అవసరం లేదు. శుభ్రమైన, పొడి గాజు నాళికలో 2 మిల్లీలీటర్ల సిర రక్తం తీసుకొని, కదపకుండా 20 నిమిషాలు నిలబెట్టి, ఒకసారి వంచి చూడాలి. మనుషుల పాము కాటు చికిత్సలో ఇది స్థిరపడిన పరీక్ష. గాజు ఉపరితలం తగిలినప్పుడే గడ్డకట్టే ప్రక్రియ మొదలవుతుంది కనుక ప్లాస్టిక్ నాళిక పనికిరాదు. సబ్బు జిగురు మిగిలిన గాజు కూడా మోసం చేస్తుంది. పశువులలో గడ్డకట్టే సమయం జాతిని బట్టి మారుతుంది కాబట్టి అదే కొట్టంలోని ఆరోగ్యమైన పశువు రక్తాన్ని మరొక నాళికలో పక్కనే ఉంచడం తప్పనిసరి. ఆరోగ్యమైనది గడ్డకట్టి, కాటు తిన్నది నీరుగానే ఉంటే అనుమానం తీరినట్లే. మన దేశంలో లభించే బహుళ పాముల విష విరుగుడు రక్తపింజరకూ, చిన్న పింజరకూ పనిచేస్తుంది. విరుగుడు ఇచ్చిన ఆరు గంటల తరువాత ఇదే పరీక్షను మరల చేయాలి. నాగుపాము, కట్లపాము కాట్లలో రక్తం మామూలుగానే గడ్డకడుతుందని కూడా గుర్తుంచుకోవాలి.

కాపలా కుక్కలలో గడ్డకట్టని రక్తానికి వేరే కారణం తరచుగా ఉంటుంది. వేరుశనగ నిల్వల దగ్గర పెట్టే బ్రోమాడియోలోన్ ఎలుకల మందును గాని, దానిని తిన్న ఎలుకను గాని తిన్న కుక్క రెండు మూడు రోజులు మామూలుగానే తిరుగుతుంది. కాలేయంలో విటమిన్ కె సాయంతో తయారయ్యే గడ్డకట్టే కారకాలు ఒక్కొక్కటిగా అడుగంటిన తరువాత ముక్కు నుండి, చిగుళ్ళ నుండి నెత్తురు మొదలవుతుంది. అన్నిటికంటె ముందు తరిగేది ఏడవ కారకం. అందువలన నెత్తురు కారకముందే ప్రోథ్రాంబిన్ సమయం పెరగడం ద్వారా విషాన్ని పసిగట్టవచ్చును. విటమిన్ కె1 చికిత్స వారాల తరబడి సాగాలి.

ఈ మందుల పుట్టుకే ఒక పశువైద్య కథ. 1933 శీతాకాలంలో అమెరికాలోని విస్కాన్సిన్ రాష్ట్రపు రైతు ఒకడు, బూజు పట్టిన స్వీట్ క్లోవర్ గడ్డి తిని చనిపోయిన పెయ్యనూ, పాల డబ్బా నిండా గడ్డకట్టని రక్తాన్నీ మంచు తుఫానులో విశ్వవిద్యాలయానికి మోసుకొచ్చాడు. ఆ డబ్బాతో మొదలైన కార్ల్ లింక్ పరిశోధన 1939లో డైకుమరాల్‌ను వేరు చేయడానికీ, 1948లో వార్ఫరిన్ ఎలుకల మందుగా వెలువడడానికీ దారి తీసింది.

కోయకూడని కళేబరం

గడ్డకట్టని రక్తం అన్నిటికంటె ప్రమాదకరమైన సంకేతం అయ్యేది దొమ్మ రోగంలో. రాత్రి బాగున్న గొర్రె తెల్లవారేసరికి చనిపోయి, పొట్ట ఉబ్బి, ముక్కు, మలద్వారాల నుండి తారు వంటి నల్లని రక్తం గడ్డకట్టకుండా కారుతూ, దేహం సరిగా బిగుసుకోకుండా ఉంటే ఆ కళేబరాన్ని ఎట్టి పరిస్థితిలోనూ కోయరాదు. చిటుకు రోగంలోనూ ఇట్లే హఠాత్తుగా మరణిస్తుంది గనుక, చాలామంది అదేనని భావించి తోలు తీసి, మాంసం పంచుకుంటారు. కోసిన వెంటనే గాలి తగిలి దొమ్మ సూక్ష్మజీవి స్పోరులుగా మారుతుంది. ఆ స్పోరులు నేలలో దశాబ్దాల పాటు బతికి ఉంటాయి. కోయని కళేబరంలో మాత్రం కుళ్ళే క్రమంలోనే సూక్ష్మజీవులు చాలా వరకు నశిస్తాయి. కోసిన వారి చేతులపై నల్లని పక్కు కట్టే పుండు వస్తుంది. ఆ మాంసం తిన్నవారికి ప్రాణాపాయం.

ఇక్కడ కూడా నిర్ధారణకు కావలసినది చెవి సిర నుండి, చేతి తొడుగులు ధరించిన పశువైద్యుడు తీసిన ఒక్క పూత మాత్రమే. పాలీక్రోమ్ మిథిలీన్ బ్లూ రంగు వేస్తే నీలి కడ్డీల చుట్టూ గులాబి రంగు తొడుగు కనిపిస్తుంది. 1903లో మెక్‌ఫాడియన్ వర్ణించిన ఈ పరీక్ష నేటికీ ఉపయోగంలో ఉంది. పశువైద్యుడు వచ్చే వరకు కళేబరం దగ్గరకు కుక్కలను, పిల్లలను రానివ్వకుండా కాపలా ఉండాలి. సంచార పశువైద్య వాహనాన్ని 1962 నంబరుకు ఫోను చేసి పిలవవచ్చును.

నమూనా పంపేటప్పుడు

కణాల లెక్కకు ఊదా రంగు మూత గల ఇ.డి.టి.ఎ. నాళికను వాడాలి. ఇ.డి.టి.ఎ. కాల్షియంను బంధించి రక్తం గడ్డకట్టకుండా ఆపుతుంది. గడ్డకట్టే పరీక్షలకు నీలి మూత నాళికలో తొమ్మిది వంతుల రక్తానికి ఒక వంతు సిట్రేట్ ఉండాలి. నాళిక సగమే నింపితే ఫలితం తప్పుతుంది. సూదిని తీసివేసి, గోడ వెంబడి మెల్లగా రక్తం వదిలి, ఊపకుండా నాలుగైదుసార్లు తిరగేయాలి. మంచుగడ్డ నేరుగా తగిలితే కణాలు పగులుతాయి, కాబట్టి మధ్యలో గుడ్డ చుట్టాలి.

మనుషుల రక్తానికి అమర్చిన యంత్రంలో మేక రక్తం పెడితే వచ్చే అంకెలను నమ్మరాదు. మనిషి ఎర్రకణం వెడల్పు ఏడున్నర మైక్రాన్లు కాగా మేకది మూడు మైక్రాన్లకు కొంచెం పైన. యంత్రం వాటిలో కొన్నిటిని రక్తఫలకికలుగా లెక్కిస్తుంది. అట్లే ఆవులో లింఫోసైట్‌లు ఎక్కువగా ఉండటం సహజం. మనుషుల ప్రమాణంతో చూసి దానిని వ్యాధిగా పొరబడరాదు. తీవ్రమైన ఇన్‌ఫెక్షన్ మొదటి రోజుల్లో ఆవులో తెల్లకణాలు పెరగడానికి బదులు తగ్గవచ్చును, ఎందుకంటే దాని మజ్జలో న్యూట్రోఫిల్ నిల్వ స్వల్పం.

స్లైడు మీద పెన్సిల్‌తో పశువు జాతి, వయసు, తేదీ, ఈనిన రోజు, అప్పటికే వేసిన సూదులు రాయాలి. ఆరబెట్టేటప్పుడు ఈగలు వాలకుండా చూడాలి, అవి పూతను తినివేస్తాయి. స్లైడుల పెట్టెను ఫార్మలిన్ సీసా ఉన్న సంచిలో పెట్టరాదు. ఆ ఆవిరి తగిలిన పూత రంగును సరిగా పట్టదు.