నాలుగు డైలాగుల హీరో

ఒక మనిషి రెండు సినిమాలకీ కలిపి నాలుగంటే నాలుగు డైలాగులు చెప్పాడు. ముఖం ఒక్కసారి కూడా చూపించలేదు. రెండో సినిమాలో మరీ కామెడీగా చచ్చిపోయాడు. అయినా నలభై ఏళ్ల పాటు జనం అతన్ని మర్చిపోలేదు. చివరికి అతని పేరుతోనే ఒక సిరీస్ వచ్చింది. వచ్చాక అతన్ని ప్రేమించినవాళ్లే రెండు ముక్కలయ్యారు.

అతని పేరు బోబా ఫెట్. సిరీస్ పేరు 'ది బుక్ ఆఫ్ బోబా ఫెట్'. ఆ రెండు ముక్కల్లో ఒక ముక్క మా అన్నయ్య, ఇంకో ముక్క నేను.

అన్నయ్య అంటే మా పెద్దమ్మ కొడుకు. నాకంటే ఎనిమిదేళ్లు పెద్ద. నాకు స్టార్ వార్స్ అలవాటు చేసింది అతనే. సినిమాలు చూడనివాళ్లు కూడా ఈ వ్యాసం హాయిగా చదవొచ్చు. చూద్దామనుకుంటున్నవాళ్లు మాత్రం జాగ్రత్త, ఇందులో కథ చెప్పేస్తున్నాను.

ఇంతకీ ఎవరీ బోబా ఫెట్?

డబ్బు తీసుకుని మనుషుల్ని వేటాడి పట్టిచ్చే కిరాయి వేటగాడు. 1978లో ఒక టీవీ కార్యక్రమంలో చిన్న కార్టూన్‌లో మొదట కనిపించాడు. 1980లో 'ది ఎంపైర్ స్ట్రైక్స్ బ్యాక్' సినిమాలోకి వచ్చాడు. సొట్టలు పడ్డ ఆకుపచ్చ కవచం, వీపు మీద జెట్‌ప్యాక్, T ఆకారంలో చీలిక ఉన్న హెల్మెట్. లోపల ఉన్న నటుడు జెరెమీ బులోక్. క్లింట్ ఈస్ట్‌వుడ్ కౌబాయ్ పాత్రల్లాగా తక్కువ కదిలి, తక్కువ మాట్లాడి, ఎక్కువ భయపెట్టాలన్నది అతని లెక్క. మన భాషలో చెప్పాలంటే ఎలివేషన్ మొత్తం నిలబడటంలోనే ఉంది.

సినిమా రాకముందే అతని బొమ్మ కూడా వచ్చింది. వేరే బొమ్మలు కొని, ఆ రుజువులు పోస్టులో పంపితే ఇంటికి పంపేవారు. వీపు మీద రాకెట్ నిజంగా ఎగురుతుందని ముందు ప్రకటించారు. పిల్లలకి ప్రమాదమని తర్వాత ఆపేసి, కదలని రాకెట్‌తో పంపారు. అంటే అమెరికాలో చాలామంది పిల్లలకి బోబా ఫెట్ సినిమా కంటే ముందు చేతిలో బొమ్మగా తెలుసు. ఆ బొమ్మతో ఎవరి కథ వాళ్లు అల్లుకున్నారు.

1983లో 'రిటర్న్ ఆఫ్ ది జెడై'లో కళ్లు సరిగ్గా కనపడని హాన్ సోలో చేతిలో కర్ర పొరపాటున జెట్‌ప్యాక్‌కి తగిలింది. అంతే, మన వీరుడు గాల్లోకి ఎగిరి వెళ్లి ఇసుకలో నోరు తెరుచుకున్న సార్లాక్ అనే జంతువు పొట్టలో పడ్డాడు. అభిమానులు దీన్ని ఒప్పుకోలేదు. 1991లో వచ్చిన 'డార్క్ ఎంపైర్' కామిక్స్‌లోనే అతన్ని బతికించేశారు. కానీ 2012లో డిస్నీ లూకాస్‌ఫిల్మ్‌ని కొన్నాక, 2014లో ఆ పాత పుస్తకాలు, కామిక్స్ అన్నిటినీ 'లెజెండ్స్' అని పక్కన పెట్టారు. అలా అతను మళ్లీ చచ్చిపోయినవాడితో సమానమయ్యాడు.

2020లో 'ది మాండలోరియన్' రెండో సీజన్‌లో తిరిగొచ్చాడు. అప్పుడు గొడవేమీ లేదు, అందరికీ పండగే. కవచం వేసుకుని సైనికుల్ని చితక్కొడుతుంటే అన్నయ్య ఫోన్ చేసి అరిచాడు. గొడవంతా 2021 డిసెంబర్ 29న సొంత సిరీస్ మొదలయ్యాక వచ్చింది. మొత్తం ఏడు ఎపిసోడ్లు. 2022 ఫిబ్రవరి 9న అయిపోయింది. అప్పుడు నేను స్కూల్లో ఉన్నాను. ప్రతి బుధవారం చదువు ఎగ్గొట్టి హాట్‌స్టార్‌లో చూసేవాణ్ణి.

నచ్చనివాళ్ల మాట

సిరీస్‌లో బోబా ఫెట్ తన పాత యజమాని జబ్బా సింహాసనం మీద కూర్చుంటాడు. కానీ భయంతో కాదు, గౌరవంతో పాలిస్తానంటాడు. హెల్మెట్ తీసేసి తిరుగుతాడు. అందరితో మాట్లాడతాడు, బేరాలాడతాడు, దెబ్బలు తింటాడు. "వీడు బోబా ఫెట్ కాదురా, రిటైరైన సర్పంచ్" అన్నాడు అన్నయ్య. చాలామంది పాత అభిమానుల బాధ కూడా ఇదే. ఆ పాత్ర వేసిన టెమ్యురా మారిసన్ కూడా తన పాత్ర తక్కువ మాట్లాడితే బాగుండేదని ఇంటర్వ్యూల్లో చెప్పాడు.

రెండో ఫిర్యాదు రంగురంగుల స్కూటర్ల మీద తిరిగే కుర్రాళ్ల గ్యాంగ్. ఆ ఛేజింగ్‌ని నేను కూడా సమర్థించలేను. మా ఊరి ట్రాఫిక్ అంతకంటే వేగంగా కదులుతుంది.

మూడోది నిజమైన లోపం. ఐదో ఎపిసోడ్‌లో బోబా ఫెట్ అసలు లేడు! మొత్తం మాండలోరియన్ కథే. ఆరో దాంట్లో కాసేపు కనిపిస్తాడు, మాట్లాడడు. తమాషా ఏంటంటే చాలామందికి ఆ రెండే బాగా నచ్చాయి. ఏడు ఎపిసోడ్ల సొంత సిరీస్‌లో రెండింటిని పక్కవాడికి ఇచ్చేశారంటే, రాసినవాళ్లకే ఇతని కథ మీద నమ్మకం లేదని అర్థం.

నచ్చినవాళ్ల మాట

నాకు నచ్చింది మొదటి మూడు ఎపిసోడ్లలోని ఫ్లాష్‌బ్యాక్. సార్లాక్ పొట్ట చీల్చుకుని బయటికొచ్చిన బోబాని టస్కెన్లు బందీగా పట్టుకుంటారు. వీళ్లు 1977 మొదటి సినిమా నుంచీ ఉన్న ఎడారి తెగ. అప్పట్నుంచి వాళ్లని దారిదోపిడీ చేసే అనాగరికులుగానే చూపించారు. వాళ్ల అరుపులకి అర్థం ఉందని ఎవరూ అనుకోలేదు. ఇక్కడ మాత్రం వాళ్లకి ఒక భాష ఉంది, నాట్యం ఉంది, ఆయుధం చెక్కుకునే పద్ధతి ఉంది.

ఆ భాష చేతి సైగల భాష. 'ది మాండలోరియన్'లో దాన్ని తయారు చేసింది ట్రాయ్ కాట్సర్ అనే బధిర నటుడు. 2022లో 'కోడా' సినిమాకి ఆస్కార్ గెల్చుకున్నది ఈయనే. ఇక మారిసన్ న్యూజిలాండ్‌కి చెందిన మావోరీ. తన జాతి యుద్ధవిద్యల్లోని కదలికల్ని బోబా కర్రసాములోకి తెచ్చాడు. అందుకే మంట చుట్టూ వాళ్లతో కలిసి అతను ఆడుతుంటే నాకు అది గ్రాఫిక్స్‌లా అనిపించలేదు. ఒక మనిషికి ఇల్లు దొరికినట్టు అనిపించింది. తర్వాత ఆ తెగని చంపేస్తారు. అతను మెత్తబడటానికి కారణం అదే.

మరి ఎందుకింత తేడా?

నాకు తోచిన కారణం చెప్తాను. మేం ప్రోగ్రామింగ్‌లో ఇంటర్‌ఫేస్ అని ఒకటి చదువుతాం. అందులో పనుల పేర్లే ఉంటాయి, ఎలా చేయాలో ఉండదు. అది రాసుకునేవాడి ఇష్టం. నాలుగు డైలాగుల బోబా ఫెట్ సరిగ్గా అలాంటివాడు. హెల్మెట్ ఖాళీగా ఉంది కాబట్టి ఎవరికి వాళ్లు లోపల తమకి కావలసినవాణ్ణి పెట్టుకున్నారు. నలభై ఏళ్లు పెట్టుకున్నారు. తర్వాత కంపెనీ వచ్చి "లోపల ఉన్నది ఇదిగో, ఇతను" అంది. ఎవర్ని చూపించినా కొందరి కోడ్ విరిగిపోవాల్సిందే. దూరపు కొండలు నునుపు అని మన పెద్దవాళ్లు ఊరికే అనలేదు.

అయితే ఒక తిరకాసుంది. అన్నయ్య ఫిర్యాదు "మార్చారు" అని. నేను అడిగాను, దేని నుంచి మార్చారు? సినిమాలో అతని స్వభావం గురించి ఎంత చెప్పారు గనక? "నీకు తెలీదులే" అని ఫోన్ పెట్టేశాడు. రెండు వారాలు మాట్లాడలేదు.

తర్వాతి ఏడాది అన్నయ్య ఉద్యోగం పోయింది. మూడు నెలలు మా ఇంట్లోనే ఉన్నాడు. చిన్నప్పుడు నాకు అన్నయ్య అంటే బైకు, నల్ల జాకెట్, రెండు ముక్కల్లో జవాబు. ఇప్పుడు మా అమ్మతో కూర్చుని చిక్కుడుకాయలు వలుస్తూ గంటలకొద్దీ మాట్లాడేవాడు. రాత్రిళ్లు నిద్రపట్టక నన్ను లేపి కబుర్లు చెప్పేవాడు. నిజం చెప్పాలంటే మొదట్లో నాకు నచ్చలేదు. 'ఇతను మా అన్నయ్య కాదే' అనుకున్నాను. అనుకున్న తర్వాత సిగ్గేసింది. నేను కూడా హెల్మెట్‌నే ఇష్టపడ్డాను కదా.

సిరీస్ గొప్పదని ఇప్పటికీ అనను. ఐదో ఎపిసోడ్ దగ్గర అది తన హీరోని తనే వదిలేసింది. కానీ హెల్మెట్ తీయడం తప్పు కాదు. తీశాక ఆ ముఖంతో చివరిదాకా నిలబడకపోవడం తప్పు.

ఇది అన్నయ్యకి చెప్పాను. ఒప్పుకోలేదు. "మొదటి మూడూ మళ్లీ పెట్టు, చూద్దాం" అన్నాడు. పెట్టాను. మంట చుట్టూ ఆడే సీను వచ్చినప్పుడు మాత్రం ఏమీ అనకుండా చూశాడు. స్కూటర్లు రాగానే మళ్లీ తిట్టడం మొదలుపెట్టాడు.