కట్టు విప్పే వేళ



పాత గోడ పగులులో మొలిచిన రావి మొక్కను మీరు చూచే ఉంటారు. పదేళ్లయినా మూరెడు దాటదు, కాండం మాత్రం ముసలి చెట్టులా ముడతలు పడుతుంది. దాని జాతి చిన్నది కాదు, వేళ్లకు దొరికిన చోటు చిన్నది. దానినే చెరువుగట్టున నాటితే ఊరంతటికీ నీడనిస్తుంది. జపానువారి బోన్సాయ్ విద్యకు మూలం ఇదే. ‘బోన్’ అంటే పళ్లెంవంటి కుండీ, ‘సాయ్’ అంటే నాటడం. చైనా నుండి వచ్చిన ఈ విద్యను జపానువారు తరతరాలుగా తమదిగా చేసుకున్నారు.

చాలా ఏళ్లుగా మేమిద్దరం ఇంటి వెనుక రావి, జువ్వి, చింత మొక్కలను కుండీలలో ఇలాగే పెంచుతున్నాము. మా అబ్బాయి ఉద్యోగరీత్యా టోక్యోలో ఉంటాడు. దేవుని కృపను బట్టి ఒక ఫిబ్రవరి మాసంలో అతని దగ్గరకు వెళ్లి, ఎన్నాళ్లనుండో పుస్తకాలలో మాత్రమే చూచిన చెట్లను కళ్లారా చూడగలిగాము.

మొదట ఉయెనో పార్కులోని కళా మ్యూజియంలో జరిగే ‘కొకుఫు’ ప్రదర్శనకు వెళ్లాము. 1934లో మొదలైన ఈ ప్రదర్శన జపానులోని బోన్సాయ్ ప్రదర్శనలన్నిటిలో పేరెన్నిక గన్నది. ఇక్కడికి ఒక చెట్టును పంపగలగడమే పెంపకందారునికి గౌరవం. ఒక్కొక్క చెట్టు ఒక్కొక్క చెక్క పీటమీద ఉంది. జనం ఎంతమంది ఉన్నా గుడిలో ఉన్నంత నిశ్శబ్దం. కొందరు నడుము వంచి, కింది నుండి పైకి చూస్తున్నారు. అలా చూస్తే రెండడుగుల చెట్టు కొండమీది మహావృక్షంలా కనబడుతుంది. మేమూ వంగి చూచాము. మేపుల్ చెట్లు ఆకు రాల్చి, సన్నని రెమ్మలతో వలలా ఉన్నాయి. ఒక జూనిపర్ చెట్టు కాండం సగానికి పైగా ఎండి ఎముకలా తెల్లబడింది. పక్కన సన్నగా మిగిలిన బెరడు పట్టీ ఒక్కటే వేళ్ల నుండి నీరు తెచ్చి, పైనున్న పచ్చదనాన్నంతా బ్రతికిస్తోంది.

మరునాడు ఉయెనో నుండి రైలులో అరగంట ప్రయాణం చేసి ఓమియా వెళ్లాము. అక్కడి బోన్సాయ్ పల్లె చరిత్ర వినదగినది. 1923 సెప్టెంబరు 1న మహా భూకంపం, దాని వెంట చెలరేగిన మంటలు టోక్యోను నాశనం చేశాయి. నగరంలో చెట్లు పెంచుకుంటున్న తోటవారు కొందరు మంచి నేల, మంచి నీరు, విశాలమైన చోటు వెదకుకుంటూ 1925లో ఇక్కడికి వచ్చి స్థిరపడ్డారు. వారు తమకు తామే కొన్ని కట్టుబాట్లు పెట్టుకున్నారు. ఇక్కడ ఉండగోరువారు కనీసం 10 బోన్సాయ్ చెట్లు పెంచాలి. ప్రహరీ గోడకు బదులు పచ్చని కంచె ఉండాలి. రెండంతస్తుల ఇల్లు కట్టరాదు. వచ్చినవారు చూచేందుకు వాకిలి తెరచి ఉంచాలి. ఒకప్పుడు ముప్పై వరకు ఉన్న తోటలలో ఇప్పుడు కొద్దిపాటి మాత్రమే మిగిలాయి. 2010లో దగ్గరలోనే బోన్సాయ్ మ్యూజియం తెరిచారు. అక్కడ సుమారు వెయ్యేళ్ల వయస్సు ఉంటుందని అంచనా వేసిన స్ప్రూస్ చెట్టు ఉంది. అన్నేళ్లలో ఎందరి చేతులు మారిందో! తాము పూర్తి రూపం చూడని చెట్టుకు నీళ్లు పోసినవారే అందరూ.

ఒక తోటలో పనివాడు దేవదారు జాతి చెట్టు కొమ్మలకు చుట్టిన వైరును తీస్తున్నాడు. కొమ్మను కావలసిన వైపుకు వంచడానికి రాగి లేక అల్యూమినియం వైరు చుడతారు. అది మాకు తెలిసిన పనే. అయితే అతడు వైరును విప్పడం లేదు, చిన్న కటింగ్ ప్లేయరుతో ముక్కలు ముక్కలుగా కత్తిరించి తీస్తున్నాడు. మళ్లీ వాడుకోవచ్చు గదా అని మా అబ్బాయి చేత అడిగించాము. విప్పబోతే కొమ్మ విరగవచ్చుననీ, వైరు పోతే ఇంకొకటి కొనవచ్చు గాని కొమ్మ దొరకదనీ అతడు చెప్పాడు. తరువాత మరొక చెట్టు చూపించాడు. దాని కొమ్మ చుట్టూ పామువలె మెలితిరిగిన లోతైన గాడి ఉంది. తీయవలసిన వేళకు వైరు తీయలేదట. కొమ్మ లావెక్కింది, వైరు బెరడులోనికి దిగిపోయింది.

“ఆ మచ్చ పోతుందా?” అని అడిగాము.

మా అబ్బాయి తోటవాని జవాబు విని, కొంచెం ఆగి, నేలవైపు చూస్తూ తెలుగులో చెప్పాడు. “చాలా ఏళ్లు పడుతుందట. ఒక్కోసారి ఎన్నటికీ పోదట.”

ఆ మాట చెప్పింది తోటవాడా, మా బిడ్డా అన్నట్లు మా గుండె కలుక్కుమన్నది.

అతడు ఇంటర్మీడియట్ తరువాత బొమ్మలు వేయడం నేర్చుకుంటానన్నాడు. ఇంజనీరింగే చదవాలన్నాము. చదివాడు. అది తప్పో ఒప్పో ఇప్పుడు చెప్పబోవడం లేదు. కానీ ఉద్యోగం వచ్చాక కూడా ఏం కొనాలి, ఎంత దాచాలి, ఎవరితో స్నేహం చేయాలి అన్నీ ఫోనులో మేమే చెప్పేవాళ్లము. అతని ఫోనులు తగ్గాయి. పండుగకు రావడం మానేశాడు. మేమేమో మొండివాడయ్యాడని సంఘంలో అతని కొరకు ప్రార్థన చేయమని కోరేవాళ్లము.

సండేస్కూలులో యోహాను సువార్త 15వ అధ్యాయం ఎన్నిసార్లు బోధించామో! కత్తిరింపు ఎంత అవసరమో చెప్పాము. పౌలు కొలొస్సయులకు వ్రాసిన పత్రికలో 3వ అధ్యాయం 21వ వచనాన్ని మాత్రం పిల్లల తలిదండ్రులుగా మేము ఎన్నడూ ధ్యానించలేదు. బిడ్డలకు కోపం పుట్టించి మనస్సు క్రుంగదీయవద్దన్న ఆ హెచ్చరిక మాకే వ్రాసినదని ఓమియా తోటలో తెలిసింది.

ఆ రాత్రి భోజనాల తరువాత మేమిద్దరం మా బిడ్డను క్షమాపణ అడిగాము. అతడు ఏమీ అనలేదు. లేచి వెళ్లి టీ పెట్టి తెచ్చి, మా మధ్య కూర్చున్నాడు. చాలా ఏళ్ల తరువాత ముగ్గురం కలిసి మోకరించాము. మచ్చ పోయిందని మేము చెప్పడం లేదు. కానీ ఇప్పుడు ఆదివారం ఆరాధన అయ్యే వేళకు అతడే ఫోను చేస్తున్నాడు. వినడం మేము నేర్చుకుంటున్నాము.

ప్రియులారా, లేగదూడ మెడకు పలుపు కట్టడం మనకు తెలుసు. దూడ ఎదిగేకొద్దీ పలుపు వదులు చేయకపోతే మెడ ఒరుసుకుపోయి పుండు పడుతుందనీ తెలుసు. పశువు విషయంలో మరువని సంగతిని బిడ్డల విషయంలో మరచిపోతున్నామేమో! బిడ్డను సరియైన దారికి వంచడం మన బాధ్యతే. కొమ్మ ఆ దారిన నిలిచిన తరువాత కట్టు తీసివేయడం కూడా మన బాధ్యతే. నీళ్లు పోయడం మాత్రం ఎన్నటికీ మానరాదు. మీ ఇంట ఎదిగిన కొమ్మపై ఇంకా ఏ కట్టు మిగిలి ఉన్నదో ఈ రాత్రి కుటుంబ ప్రార్థనలో చూచుకొనండి. దానిని మెల్లగా, కొమ్మ విరగకుండా తీసే జ్ఞానమును ప్రభువు మనకు దయచేయును గాక! ఆమేన్.