మందుకు ముందే పుట్టిన మొండి కణాలు

1948 జూన్‌లో అమెరికా వైద్యుడు సిడ్నీ ఫార్బర్ ఒక పరిశోధన పత్రం ప్రచురించారు. తీవ్రమైన రక్త క్యాన్సర్‌తో బాధపడుతున్న 16 మంది పిల్లలకు అమైనోప్టెరిన్ అనే మందు ఇవ్వగా 10 మందిలో వ్యాధి తగ్గుముఖం పట్టింది. ఆ మందును తయారుచేసిన లెడర్లే ప్రయోగశాలలో పరిశోధనలకు సారథి, భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. కానీ ఆ ఉపశమనం తాత్కాలికమే అయింది. వ్యాధి తిరగబెట్టింది. ఎందుకు?

మందు తగిలాక కణాలు మారాయా, లేక మారిన కణాలు ముందే ఉన్నాయా? 1943లో లూరియా, డెల్‌బ్రుక్ బ్యాక్టీరియా విషయంలో ఈ ప్రశ్నను లెక్కలతో తేల్చారు. మార్పుకు మందే కారణమైతే, విడివిడిగా పెంచిన గుంపులన్నిటిలో మొండి కణాల సంఖ్య దాదాపు ఒకేలా ఉండాలి. మార్పు ముందే యాదృచ్ఛికంగా వస్తే, ఒక గుంపులో సున్నా, మరో గుంపులో వందలు ఉండవచ్చు. 1952లో లాయిడ్ లా ఇదే పద్ధతిని ఎలుకల రక్త క్యాన్సర్ కణాలపై, ఫోలిక్ ఆమ్లాన్ని అడ్డుకునే అదే కోవ మందుతో ప్రయోగించారు. మొండి కణాలు ముందే ఉన్నాయని తేలింది.

ఒక కణం 30 సార్లు రెట్టింపైతే సుమారు 107 కోట్ల కణాలవుతాయి. అంటే దాదాపు ఒక గ్రాము కణితి. కోటి విభజనలకు ఒకసారి మందును తట్టుకునే మార్పు వస్తుందనుకుందాం. అప్పటికే అలాంటి మార్పు వందసార్లకు పైగా జరిగి ఉంటుంది. మందు లేనంతవరకు అది కణానికి మేలూ చేయదు, కీడూ చేయదు. ఇదే తటస్థ ఉత్పరివర్తనం.

ఇలాంటి మార్పులకు ఒక క్రమం ఉంది. 8 కణాల దశలో వచ్చిన మార్పు కణితిలో ఎనిమిదో వంతు కణాల్లో కనిపిస్తుంది. 16 కణాల దశలో కొత్త మార్పులు రెట్టింపు వస్తాయి, కానీ ఒక్కొక్కటి పదహారో వంతు కణాల్లోనే ఉంటుంది. 2016లో లండన్ పరిశోధకులు 14 రకాలకు చెందిన 904 క్యాన్సర్లను పరిశీలించి, దాదాపు మూడో వంతు ఈ క్రమానికి సరిపోతున్నాయని చెప్పారు. ఇతర కారణాలతోనూ ఇదే క్రమం రావచ్చన్న వాదన ఉంది.

ఈ లెక్క చికిత్సకూ దారి చూపుతుంది. ఒక మందును తట్టుకునే అవకాశం కోటిలో ఒకటైతే, వేర్వేరుగా పనిచేసే రెండు మందులను ఒకే కణం తట్టుకునే అవకాశం కోటి కోట్లలో ఒకటి. రక్త క్యాన్సర్ పిల్లలకు నేడు పలు మందులు కలిపి ఇవ్వడం వెనుక ఈ తర్కమూ ఉంది. సుబ్బారావు బృందం అందించిన మెథోట్రెక్సేట్ ఇప్పటికీ వాటిలో ఒకటి.