గిటార్‌పై స్పీడ్ రావట్లేదా? చిక్కంతా తీగ మారే చోటే!

మన పాలకొల్లులో పుట్టిన మాండలిన్ యు.శ్రీనివాస్ 5 తీగల ఎలక్ట్రిక్ మాండలిన్‌పై పిక్‌తోనే కర్ణాటక సంగీతాన్ని మెరుపు వేగంతో పలికించారు. గిటార్ దిగ్గజం జాన్ మెక్‌లాఫ్లిన్‌తో కలిసి 'రిమెంబర్ శక్తి'లో వాయించారు. మరి గిటార్ నేర్చుకునేవాళ్లు స్పీడ్ దగ్గర ఎందుకు ఆగిపోతున్నారు?

ఒకే తీగపై పిక్ చకచకా నడుస్తుంది. పక్క తీగకు వెళ్లగానే తడబడుతుంది. ఉదాహరణకు తీగకు మూడేసి స్వరాలు వాయిస్తున్నారనుకోండి. మొదటి తీగపై కిందికి, పైకి, కిందికి కొడితే.. రెండో తీగను పైకి కొడుతూ మొదలుపెట్టాలి. చాలామంది మళ్లీ కిందికే కొట్టి వరుస తప్పుతారు.

అందుకే ముందు రెండు తీగలపైనే సాధన చేయండి. పిక్ కొన మాత్రమే తగలాలి. కదలిక మణికట్టు నుంచి రావాలి. మెట్రోనోమ్ 60తో మొదలుపెట్టి, తప్పు లేకుండా వచ్చాకే 5 పెంచండి. చెయ్యి బిగుసుకుంటే వెంటనే ఆపేయండి.