మొటిమల మందు – కంటికి జాగ్రత్త

ఒక్క అద్దం ముందు పదిమంది నిలబడే వయసు మీది. ఒకప్పుడు మేమూ ఈ హాస్టల్లో అలా నిలబడినవాళ్ళమే. అందుకే తమ్ముళ్ళకూ చెల్లెళ్ళకూ ఈ నాలుగు మాటలు.

నేనిప్పుడు మందుల షాపులో ఫార్మసిస్టును. ఈమధ్య ఒక డిగ్రీ విద్యార్థి కంటిచుక్కల కోసం వచ్చాడు. కళ్ళలో ఇసుక పడ్డట్టు మంట, రాత్రి సైకిలు తొక్కితే దారి సరిగా కనబడదట. "ఇంకేమైనా మందులు వాడుతున్నావా?" అని అడిగాను. "మొటిమలకు క్యాప్సూల్స్ వేసుకుంటున్నానన్నా. దానికీ కంటికీ ఏం సంబంధం?" అన్నాడు. చర్మం డాక్టరు కళ్ళ గురించి అడగలేదు. కంటి డాక్టరు క్యాప్సూల్స్ గురించి అడగలేదు. ఇతనూ చెప్పలేదు.

సంబంధం ఉంది. ఆ మందు పేరు ఐసోట్రెటినాయిన్. విటమిన్ ఎ జాతికి చెందినది. అమెరికాలో 1982లో అనుమతి పొందింది. మొండి మొటిమలకు బాగా పనిచేస్తుంది. చర్మంలోని నూనె గ్రంథులను ఎండగట్టడమే దాని పని. కనురెప్పల అంచుల్లోనూ నూనె గ్రంథులున్నాయి. ఆ నూనె తగ్గితే కన్నీటి పొర త్వరగా ఆరిపోయి మంట, ఎరుపు వస్తాయి. మసక వెలుగులో చూడటానికి కంటిలో విటమిన్ ఎ తో జరిగే పనికి కూడా ఈ మందు అడ్డుపడవచ్చు. అప్పుడు రాత్రిచూపు తగ్గుతుంది. మందు ఆపాక చాలామందికి సర్దుకుంటుంది, కొద్దిమందికి మిగిలిపోతుంది.

డాక్టరు చీటీ లేకుండా ఈ మందు కొనకండి. దీనితోపాటు డాక్సీసైక్లిన్ వంటి మందులు, విటమిన్ ఎ మాత్రలు వేసుకోకూడదు. తీవ్రమైన తలనొప్పితో చూపు మసకబారితే వెంటనే ఆసుపత్రికి వెళ్ళాలి. గర్భిణులు దీన్ని అసలే వాడకూడదు, బిడ్డకు అవకరాలు వస్తాయి.

రద్దీ ఆసుపత్రిలో డాక్టరుకు ప్రతిదీ అడిగే తీరిక ఉండకపోవచ్చు. మనమే చెప్పాలి. కంటి డాక్టరుకు మొటిమల మందు చీటీ చూపండి. చర్మం డాక్టరుకు కంటి బాధ చెప్పండి. ఆ తమ్ముడు అలాగే చేశాడు. డాక్టరు డోసు తగ్గించారు, మంట తగ్గింది.

మొటిమలు వయసుతోపాటు పోవచ్చు. చదువుకోవడానికి కళ్ళు మాత్రం జీవితాంతం కావాలి.