మసూర్ విత్తనానికీ మచ్చు పరీక్ష

మసూర్ బేరంలో వర్తకుడు ముందుగా మచ్చు చేతిలో పోసుకుని రంగు, గింజ సైజు, తేమ చూస్తాడు. అయితే రాబోయే ఏళ్ల సరుకును నిర్ణయించే గుణాలు కొన్ని కంటికి కానరావు. వాటికి మచ్చు మొక్క ఆకులోని డీఎన్ఏ.

మన దిగుమతి మసూర్‌లో అధికభాగం కెనడా, ఆస్ట్రేలియాల నుంచి వస్తున్నది. కెనడా పంటలో చాలా భాగం సస్కాచెవాన్ రాష్ట్రానిదే. అక్కడి విశ్వవిద్యాలయం నాయకత్వాన 2016లో సి.డి.సి. రెడ్‌బెర్రీ రకం జన్యుపటం ముసాయిదా సిద్ధమైనది.

పప్పు ఎరుపా, పసుపా అన్నది ప్రధానంగా ఒకే జన్యువు తేలుస్తుంది. గింజను బద్ద చేసి చూస్తే చాలు. ఆంత్రాక్నోస్ తెగులు సంగతి అలా కాదు. అందులో తీవ్రమైన రకాన్ని తట్టుకొనే శక్తి సాగు మసూర్‌లో తక్కువ. లెన్స్ ఎర్వాయిడెస్ అనే అడవి జాతిలో ఉన్నది. రెంటిని సంకరం చేస్తే, ఆ శక్తితోపాటు చిన్న గింజ వంటి అక్కరలేని గుణాలూ దిగుతాయి. కావలసిన జన్యువు పక్కనే ఉండే గుర్తును పట్టుకుంటే, లేత ఆకు పరీక్షతోనే ఏ మొక్క ఉంచాలో తెలుస్తుంది. ప్రతి తరంలోనూ తెగులు సోకేవరకు ఆగనక్కరలేదు.

కాగా దిగుబడి ఒక జన్యువు లెక్క కాదు. పెక్కు జన్యువులు, వాన, ఎండ కలిసి తేల్చేది. పైగా సంకరం నుంచి రకం విడుదలకు పదేళ్లదాకా పట్టడం పరిపాటి; విత్తనం పెరిగి పొలాలకు చేరడానికి మరికొన్ని సీజన్లు. కనుక ప్రయోగశాల వార్త విని, ధర పడుతుందన్న భయంతో స్టాకు వదులుకోవడం తగదు. రకం విడుదల, ఆపై విత్తిన విస్తీర్ణం, ఈ రెండూ వర్తకులు గమనించదగినవి.