హన్నా తల వంచుకుని వెళ్లిపోలేదు

షిలోహు మందిరంలో ఒక స్త్రీ కన్నీళ్లతో ప్రార్థిస్తోంది. పెదవులు కదులుతున్నాయే గాని స్వరం వినబడడం లేదు. ద్వారం దగ్గర కూర్చున్న యాజకుడు ఏలీ ఆమెను చూశాడు. ఆమె వేదన ఆయనకు కనబడలేదు, తాగిన మత్తే కనబడింది. ఆ మత్తు ఎప్పుడు వదులుతుందని గద్దించాడు. ఆయన దైవసేవకుడు, వయసులో పెద్దవాడు, ఎందరినో చూసినవాడు. అలాంటివాడే పొరబడ్డాడు.

హన్నా ఆ మాటకు నొచ్చుకొని తల వంచుకుని వెళ్లిపోయి ఉంటే ఏలీ దీవెన ఆమెకు దక్కేది కాదు. ఆమె వెళ్లలేదు. పెద్దాయనను తూలనాడనూ లేదు. తాను తాగలేదని, మనసులోని దుఃఖాన్ని దేవుని ముందు కుమ్మరించుకుంటున్నానని, తనను పనికిమాలినదానిగా ఎంచవద్దని మర్యాదగా, స్పష్టంగా చెప్పింది. ఏలీ తన అభిప్రాయం మార్చుకున్నాడు. సమాధానంతో వెళ్లమని దీవించి పంపాడు (1 సమూయేలు 1వ అధ్యాయం).

ఈ భాగం మీద మేము ఎన్నోసార్లు ప్రసంగించాం. పిల్లలు లేని దంపతులకు ధైర్యం చెప్పాం. మొక్కుబడి గురించి, తల్లి ప్రార్థన గురించి మాట్లాడాం. కానీ పెద్దవారు పొరబడినప్పుడు నిలబడి మళ్లీ చెప్పుకోవడం కూడా విశ్వాసమేనని మాకు నేర్పింది భద్రాచలం అడవి అంచున ఉన్న ఒక సహోదరి. ఆమె అనుమతితోనే, పేరూ ఊరూ చెప్పకుండా, ఈ నాలుగు మాటలు రాస్తున్నాం.

భద్రాచలం నుంచి చర్ల వెళ్లే దారిలో బస్సు దిగి లోపలికి నడవాల్సిన పల్లె అది. తునికాకు కోతల రోజుల్లో, స్నానం చేస్తుండగా ఆమె చేతికి రొమ్ములో గడ్డ తగిలింది. నొప్పి లేదు. నొప్పి లేదు కాబట్టి భయం లేదనుకుంది. ఆడబిడ్డకు చెబితే వేడి చేసి ఉంటుందంది. ఊళ్లోని ఆర్‌ఎంపీ డాక్టరు మాత్రలిచ్చాడు. ఆకు కోసే నాలుగు వారాలు పోతే ఆ ఏటి సంపాదన పోయినట్టే, అందుకని కోతలయ్యాక చూద్దామనుకున్నారు. తర్వాత పట్నంలో ఒక డాక్టరుకు చూపించారు. ఆయన చెయ్యి పెట్టి చూడకుండానే, అది కొవ్వు గడ్డ, ఏమీ కాదు పొమ్మన్నాడు. ఆ తర్వాత స్కానింగ్ చేసేవారు సెలవులో ఉన్నారని ఒకసారి తిప్పి పంపారు. అంతలో గోదావరి పొంగింది. భద్రాచలం దగ్గర నీటిమట్టం 43 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక. ఆపైన లోతట్టు దారులు ఎన్ని మునుగుతాయో ఆ ప్రాంతం వారికి తెలుసు.

ఈ ఆలస్యంలో మా పాలు కూడా ఉంది. కూడికకు వెళ్లినప్పుడు ఆమె మాలో ఒకరి భార్యను పక్కకు పిలిచి సంగతి చెప్పింది. మేము ఆమె తల మీద చేతులుంచి ప్రార్థన చేశాం. ధైర్యంగా ఉండమ్మా, దేవుడు చూసుకుంటాడని చెప్పి బండెక్కాం. ఆసుపత్రికి ఏ రోజు వెళుతున్నావని అడగలేదు. తోడు ఎవరున్నారని అడగలేదు. హన్నా భర్త ఎల్కానా మంచివాడు. భార్యను ప్రేమించాడు. అయినా పదిమంది కొడుకుల కన్నా నేను నీకు ఎక్కువ కానా అన్నట్టు మాట్లాడి ఆమె దుఃఖాన్ని తేలిక చేశాడు. మేమూ ఎల్కానాలమే అయ్యాం. ప్రేమతోనే ఓదార్చాం, అయితే ఆ ఓదార్పు ఆమెను ఇంటి దగ్గరే కూర్చోబెట్టింది.

నాలుగో నెలలో ఆమె ఆడబిడ్డను వెంటబెట్టుకొని అదే డాక్టరు దగ్గరకు మళ్లీ వెళ్లింది. ఆమె మాటలను మేము తర్వాత విన్నాం.

“సార్, ఏమీ కాదన్నారు. కానీ గడ్డ తగ్గలేదు, పెద్దదైంది. నాలుగు నెలలైంది. అది క్యాన్సర్ కాదని ఏ పరీక్షలో తేలుతుందో ఆ పరీక్ష రాయండి సార్. రాసేదాకా నేను బయటే కూర్చుంటాను.”

గొడవ లేదు, నింద లేదు. ఏలీ ముందు హన్నా మాట్లాడినట్టే మాట్లాడింది. డాక్టరు ఈసారి నర్సును పిలిపించి, రొమ్మును, చంకను చేత్తో పరీక్షించాడు. ఆ రోజే చీటీ రాసి పెద్దాసుపత్రికి పంపాడు. సూదితో ముక్క తీసి పరీక్ష చేస్తే క్యాన్సర్ అని తేలింది. అప్పటికే చంకలోకి పాకింది. హైదరాబాదులో ఆపరేషన్, మందులు, కరెంటు వైద్యం అన్నీ అయ్యాయి. ఇప్పుడు పరీక్షలకు వెళ్లి వస్తోంది. ముందే వచ్చి ఉంటే వైద్యం ఇంకా తేలికయ్యేదని అక్కడి వైద్యులు అన్న మాట మమ్మల్ని ఇంకా గుచ్చుతూనే ఉంది.

మన దేశంలో స్త్రీలకు ఎక్కువగా వస్తున్న క్యాన్సర్ ఇదే. 2022లో సుమారు 1 లక్షా 92 వేల మందికి కొత్తగా వచ్చిందని, సుమారు 98 వేల మంది దీనితో మరణించారని అంతర్జాతీయ అంచనా. అయితే రొమ్ములో గడ్డలన్నీ క్యాన్సర్ కావు. ఎక్కువ భాగం కావు కూడా. కానీ ఏది అవునో ఏది కాదో చూపుతో చెప్పలేం. నొప్పి లేదనే ధైర్యం కూడా పనికిరాదు, ఎందుకంటే ఈ క్యాన్సర్ మొదట్లో చాలామందికి నొప్పి ఉండదు. చంకలో గడ్డ, చర్మం నారింజ తొక్కలా గుంటలు పడడం, చనుమొన లోపలికి లాగుకుపోవడం, దాని నుంచి రక్తం రావడం కూడా వెంటనే చూపించుకోవాల్సిన గుర్తులే.

తేల్చుకునే పద్ధతి మూడు మెట్లు. వైద్యులు చేత్తో పరీక్షించడం మొదటిది. స్కానింగ్ లేదా మామోగ్రామ్ రెండోది. అనుమానం ఉంటే సూదితో ముక్క తీసి పరీక్షించడం మూడోది. ఈ మెట్లు ఎక్కకుండానే ‘ఏమీ కాదు’ అంటే ఆ మాటకు ఇంకా ఆధారం లేనట్టే. అలాగే ఈ పరీక్షలు కాకముందే గడ్డను కోసి తీసేస్తామని ఎవరైనా అంటే ఒప్పుకోవద్దు. పాలిచ్చే తల్లికి చీము గడ్డని మందులిస్తే, మందుల కోర్సు అయ్యాక కూడా తగ్గకపోతే మళ్లీ వెళ్లి తీరాలి.

చేత్తో చేసే పరీక్షను చిన్నచూపు చూడకూడదు. ముంబయిలో టాటా మెమోరియల్ ఆసుపత్రి 1998 నుంచి లక్షన్నర మంది స్త్రీలతో 20 ఏళ్లపాటు ఒక అధ్యయనం నడిపింది. శిక్షణ పొందిన ఆరోగ్య కార్యకర్తలు రెండేళ్లకోసారి చేత్తోనే రొమ్ము పరీక్ష చేశారు. 50 ఏళ్లు దాటిన స్త్రీలలో ఈ క్యాన్సర్ మరణాలు దాదాపు 30 శాతం తగ్గాయని 2021లో ఫలితాలు వెలువడ్డాయి. మన తెలుగువారిలో డాక్టర్ పి. రఘురామ్ తన తల్లి డాక్టర్ ఉషాలక్ష్మికి వచ్చిన రొమ్ము క్యాన్సర్ ప్రేరణగా 2007లో హైదరాబాదులో ఒక సంస్థ స్థాపించి, పల్లెల్లో ఆరోగ్య కార్యకర్తలకు ఇదే పరీక్ష నేర్పించారు. ప్రభుత్వ పద్ధతి ప్రకారం 30 ఏళ్లు దాటిన స్త్రీలకు ఈ పరీక్ష చేయాల్సిన బాధ్యత ఆరోగ్య సిబ్బందిది. కాబట్టి ఊరికి వచ్చే ఏఎన్ఎంను, ఆశా కార్యకర్తను అడగడం మన హక్కు.

మగ డాక్టరుకు చూపించుకోలేక ఆగిపోయేవారు ఇంకా ఎందరో. ఈ సిగ్గు కొత్తది కాదు. 1883లో అమెరికా నుంచి గుంటూరు వచ్చిన లూథరన్ మిషనరీ డాక్టర్ అన్నా కుగ్లర్‌కు కనబడింది ఇదే. మగవారి ముందుకు రాలేక ఇళ్లలోనే బాధపడుతున్న స్త్రీల కోసం ఆమె వైద్యం మొదలుపెట్టారు. 1898లో అక్కడ స్త్రీల ఆసుపత్రి తెరుచుకుంది. 1930లో కన్నుమూసేవరకు ఆమె ఆ సేవలోనే ఉన్నారు. స్త్రీ శరీరపు బాధ సువార్త సేవకు బయటి సంగతి కాదని ఆనాడే గ్రహించినవారు మన సంఘ పితరులు. ఈనాడు లేడీ డాక్టరు లేని చోట, నర్సును గాని తోడొచ్చిన ఆడవారిని గాని పక్కన ఉండనివ్వమని అడగవచ్చు. అడిగితే తప్పులేదు.

మరి ఆలస్యం ఎదురైతే ఏం చేయాలి? గడ్డ కనబడిన తేదీని, డాక్టరును కలిసిన తేదీని బైబిలు చివరి అట్ట మీదైనా సరే రాసుకోండి. స్త్రీ మొదటిసారి వైద్యులకు చూపించుకున్న నాటి నుంచి 60 రోజుల్లోగా వ్యాధి ఉందో లేదో తేలాలన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో మొదలుపెట్టిన రొమ్ము క్యాన్సర్ కార్యక్రమం లక్ష్యం. ఆ 60 రోజులను మనమే లెక్కపెట్టుకోవాలి. ప్రతిసారీ ఆసుపత్రి నుంచి బయటికి వచ్చేముందు మూడు మాటలు అడగండి: తర్వాతి పరీక్ష ఏమిటి? ఏ రోజు? ఆ రోజు కాకపోతే ఎవరిని కలవాలి? ఓపీ చీటీ, స్కానింగ్ కాగితాలు, ముక్క పరీక్ష రిపోర్టు ఒక సంచిలో భద్రం చేయండి. ఒకచోట మాట వినకపోతే మరోచోట రెండో అభిప్రాయం తీసుకోండి. దానివల్ల ఎవరినీ అవమానించినట్టు కాదు.

అడవి ప్రాంతానికి మరో చిక్కుంది. 2014లో కూనవరం, చింతూరు, వరరామచంద్రపురం, కుక్కునూరు, వేలేరుపాడు వంటి మండలాలు ఆంధ్రప్రదేశ్‌లో కలిశాయి. అక్కడివారిలో ఎందరికో భద్రాచలం దగ్గరి పట్నమైనా, రాష్ట్రం వేరు, కార్డు వేరు. ఏ కార్డు ఎక్కడ చెల్లుతుందో ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రను ముందే అడిగితే ఒక ప్రయాణం కలిసొస్తుంది. కూలి పోతుందని ఆగేవారికి ఆ ఒక్క ప్రయాణమే పెద్ద ఖర్చు. తెలంగాణలో 2023 డిసెంబరు 9న ఆడవారికి ఆర్టీసీ ఉచిత ప్రయాణం మొదలైంది, అది కొంత ఊరట. పోయే కూలి మాత్రం పోతూనే ఉంటుంది.

ఇక్కడే సంఘం పని మొదలవుతుంది. రక్తస్రావంతో 12 ఏళ్లు బాధపడిన స్త్రీ ఎందరో వైద్యుల చుట్టూ తిరిగి ఉన్నదంతా ఖర్చుపెట్టుకుందని మార్కు సువార్త చెబుతోంది. సమాజ మందిరపు అధికారి యాయీరు తొందరపడుతున్నా ప్రభువు దారిలో ఆగాడు. ఆమె ఉన్న సంగతంతా చెప్పుకునే వరకు విన్నాడు. ‘తర్వాత రా’ అనలేదు. ఆయన ఆగితే మనం ఆగలేమా? స్త్రీల సమాజంలో ఏడాదికి ఒకసారైనా ఈ విషయం దాపరికం లేకుండా మాట్లాడుకుందాం. ఆసుపత్రికి వెళ్లే సహోదరికి తోడుగా ఒకరిని పంపుదాం. తెలుగు అంతగా రాని కోయ తల్లికి రెండు భాషలూ వచ్చినవారిని ఇచ్చి పంపుదాం. దుమ్ముగూడెంలో 19వ శతాబ్దంలోనే మిషన్ పెట్టి కోయల మధ్య సేవ చేసినవారు ఆ ప్రజల భాష నేర్చుకున్నారు. ఆ పొలంలో పంట కోసుకుంటున్న మనకు ఒక రోజు తోడు వెళ్లడం భారం కాకూడదు. చందాలో నుంచి రెండు రోజుల కూలి ఇవ్వగలిగితే అదీ ఆరాధనే.

ప్రార్థన మానమని మేము అనడం లేదు. హన్నా ప్రార్థించింది గనుకనే మాట్లాడగలిగింది. దేవుని ముందు మనసు కుమ్మరించుకున్న స్త్రీకి మనుషుల ముందు నోరు పెగులుతుంది. ఆ సహోదరి ఇప్పుడు కూడికలో వెనుక వరుసలో కూర్చుంటుంది. మొన్న ఒక పడుచు అమ్మాయి ఆమె చెవిలో ఏదో చెప్పింది. ఆమె ప్రార్థన చేసింది. ఆమేన్ అన్న వెంటనే, “ఎప్పుడు వెళ్దాం? సోమవారమా, మంగళవారమా?” అని అడిగింది.

మేము ఆనాడు అడగని ప్రశ్న అదే.